నీళ్ళు తాగిన పీపా

అంబులెన్సుల గ్యారేజీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. డ్రైవర్లకీ మెకానిక్కులకీ గేటు కాపలా మనిషికీ, అందరికీ ఆమె తేదీలక్కే. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ గ్యారేజీ స్టోరు తాళాలు ఆమె నడుముకే వేలాడుతున్నాయి. ఆమె కంటే ముందు వచ్చిన అధికారులు పోయారు, తరవాత వచ్చినవాళ్ళూ పోయారు. తాళాలు మాత్రం చెయ్యి మారలేదు.

స్టోరంటే పొడుగాటి గది, పైన రేకులు, మూడు గోడలకీ ఇనుప అరలు. ఒక పక్క ఫిల్టర్లు, బెల్టులు, బల్బులు. ఇంకో పక్క బ్రేకు సామాను. కిటికీకి దూరంగా, ఎండ పొడ తగలని మూల ఇంజన్ ఆయిలు. చిన్న డబ్బాలు అరల మీద, పెద్ద పీపాలు కింద చెక్క దిమ్మల మీద పడుకుని ఉంటాయి. ప్రతిదాని మీదా తెల్ల పెయింటు పెన్నుతో గుండ్రటి అంకెలు. అది వచ్చిన తేదీ. మూత విప్పినదైతే దాని కిందే ఇంకో తేదీ, అది విప్పిన రోజు. పాతది ముందు వరసలోకి, కొత్తది వెనక వరసలోకి. బయటివాళ్ళు చూస్తే పరీక్షకి చదివే పిల్లల గోడలా ఉందని నవ్వుకునేవారు.

ఈ అలవాటు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే పట్టుకుంది. అప్పటికామెకి ఆయిలంటే నల్లగా జిడ్డుగా ఉంటుందన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియదు. ఒకరోజు ఎవరో అడిగితే మూలనున్న డబ్బా తీసి ఇచ్చింది. దాని అడుగు తుప్పు పట్టి ఉంది. అది ఎప్పుడు వచ్చిందో, ఎవరు తెచ్చారో, చెప్పేవాడు లేడు. మెకానిక్కు డబ్బా వంచాడు. ముందు పలచగా కారింది, ఆఖర్న చిక్కటి మడ్డి ముద్దలుగా జారింది. అప్పట్లో ఉన్న ముసలి మేస్త్రీ ఆమెను కేకలేస్తాడని అందరూ చెవులు రిక్కించారు. ఆయన ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాడు.

"చూడమ్మా, ఆయిల్లో ఒట్టి ఆయిలే ఉండదు. ఇంజన్ని కాపాడే మందులు కలిపి ఉంటాయి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే ఆ మందులు అడుక్కి దిగిపోతాయి. సీలు తియ్యకుండా, ఎండా చెమ్మా తగలకుండా ఉంచితే నాలుగైదేళ్ళు ఢోకా లేదు. డబ్బా మీద కంపెనీవాడేం రాశాడో అదీ చూసుకో. సీలు తీశావా, ఇక లెక్క వేరు. ఏడాదిలోపు వాడెయ్యి. మూత బిగించకపోతే అదీ లేదు, గాల్లో ఉన్న తడీ దుమ్మూ అంతా దాన్లోకే పోతాయి."

ఆ సాయంత్రమే ఆమె పెయింటు పెన్ను కొనుక్కుంది.

పెన్ను స్టోరులో ఊరుకుంటేనా! ఆమెతో పాటు ఇంటికొచ్చింది. దగ్గు మందు సీసా, గ్యాసు సిలిండరు, గోడ గడియారంలో బ్యాటరీ, ఇల్లు తుడిచే చీపురు, అన్నిటికీ తేదీలు పడ్డాయి. భర్త అద్దాల దుకాణంలో అద్దాలు కోసే పనివాడు, నెమ్మది మనిషి. తన చెప్పుల అట్ట మీద తేదీ కనిపించినా పల్లెత్తు మాట అనలేదు. అత్తగారు అలా వదిలే మనిషి కాదు.

"ఏమే, నా వీపు మీద కూడా ఓ తేదీ రాసెయ్యవే. నా గడువెప్పుడో నాకూ తెలుస్తుంది" అంది ఓరోజు.

"మీకు గడువేంటత్తయ్యా? మూత బిగించి నీడపట్టున ఉంచితే ఎన్నేళ్ళైనా ఉంటారు."

"మూత బిగించడమంటే నా నోటికేగా!" అని ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మాట ఇంట్లో నెల రోజులు నలిగింది. పక్క వాటాలోనే ఉండే మరిది, అంటే ఆమె భర్త తమ్ముడు, దాన్ని గ్యారేజీకి మోసుకెళ్ళాడు. అతను అక్కడే అంబులెన్సు నడుపుతాడు.

ఇంత జాగ్రత్త మనిషీ ఆ తేదీల మూలంగానే కాలు విరగ్గొట్టుకుంది. వంటింట్లో కొత్త బల్బు పెట్టి, దాని అంచు మీద తేదీ రాయబోయి స్టూలు మీంచి జారింది. మడమ పైన ఎముక చిట్లింది. నలభై రోజులు కదలకూడదన్నారు డాక్టరు. స్టోరు తాళాలు తెచ్చివ్వమని మేస్త్రీ కబురు పెడితే, కన్నబిడ్డని అప్పగిస్తున్నట్టు మరిది చేతిలో పెట్టి పంపించింది. మేస్త్రీ అంటే ఇప్పటి మేస్త్రీ. ముసలాయన ఎప్పుడో పని మానేశాడు. ఇతను మంచివాడే, చేతిలో పనితనం ఉన్నవాడే. కాకపోతే ఆగి ఆలోచించే తీరిక ఎప్పుడూ ఉండదు.

ఆ నలభై రోజుల్లో ఇరవై రోజులు వాన పడింది. పొద్దున్నంతా చుర్రుమని ఎండ, మధ్యాహ్నం దాటగానే కుండపోత. మంచం మీద పడుకుని కిటికీలోంచి వాన చూస్తూ "స్టోరులో ఎలా ఉందో" అని ఆమె అంటే, "స్టోరుకి కాలు విరగలేదులే" అనేది అత్తగారు.

నలభై ఒకటో రోజు ఉదయం ఎనిమిది గంటలకి తేదీలక్క చేతికర్ర పట్టుకుని గ్యారేజీ గేటు దాటింది. కాపలా మనిషి లేచి నిలబడ్డాడు, డ్రైవర్లు చుట్టూ మూగారు. ఆమె అందరినీ పలకరిస్తూనే పెరటి వైపు చూసింది. పలకరింపు మధ్యలోనే వదిలేసి, కర్ర ఊనుకుంటూ అటు నడిచింది.

ప్రహరీ గోడ పక్కన, ఆరుబయట, మూడు ఆయిలు పీపాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. మధ్యదానికి చేతిపంపు బిగించి ఉంది. పీపాల పైమూతల మీద, అంచు లోపల, రాత్రి కురిసిన వాన నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళలో బిరడాలు మునిగి ఉన్నాయి.

"ఇవెవరు బయట పెట్టారు?"

"నేనే అక్కా" అన్నాడు మేస్త్రీ, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. "టైర్లొచ్చాయి, లోపల చోటు లేదు. మూడు వారాలైంది. మూతలు బిగించే ఉన్నాయి, చూసుకోండి."

"దీన్లోంచి బళ్ళకి పోశారా?"

"పోశాం. ఐదు బళ్ళకి. అదేమన్నా పాలా అక్కా, విరిగిపోడానికి?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. చేతికర్ర గోడకి ఆనించి, పీపా మీద అరచెయ్యి పెట్టింది.

"మేస్త్రీ, ఇది ఊపిరి తీసుకుంటుంది."

"ఏంటి?"

"పొద్దున్న ఎండకి పీపా కాలుతుంది. లోపలి గాలి ఉబ్బి, బిరడా మరచుట్ల సందుల్లోంచి బయటికి పోతుంది. మధ్యాహ్నం వాన పడగానే పీపా చల్లబడుతుంది. అప్పుడు లోపలికి పీల్చుకుంటుంది. పీల్చుకునేటప్పుడు బిరడా చుట్టూ ఏముంది? గాలి లేదు, నీళ్ళున్నాయి. రోజుకో గుక్క తాగినా ఇరవై రోజులకి ఎంతవుతుందో నువ్వే చెప్పు."

నవ్వులు ఆగాయి. మేస్త్రీ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "చెప్పడానికి బాగానే ఉందక్కా. ఇనుప పీపా నీళ్ళు తాగడమేంటి?"

"వాదన వద్దు. వేడి రేకు పెట్టించు."

వెల్డింగు చేసే మూల కరెంటు పొయ్యి ఉంది. దాని మీద ఇనుప రేకు ముక్క పెట్టారు. అది బాగా కాలాక, తేదీలక్క ముందు లోపలి అర మీద నుంచి సీలున్న డబ్బా తెప్పించి, పుల్లతో ఒక్క చుక్క రేకు మీద వేసింది. చుక్క చడీచప్పుడూ లేకుండా పరుచుకుంది. సన్నగా పొగ లేచింది, అంతే. తరవాత పంపు నాలుగుసార్లు కొట్టి, పెరట్లో పీపాలోంచి వచ్చిన ఆయిలు చుక్క వేసింది.

చిటపటమంది. చిన్న చిన్న బుడగలు లేచి పేలాయి. రెండోసారి వేసింది. మళ్ళీ చిటపట.

 మేస్త్రీ తనే పుల్ల అందుకుని మూడోసారి వేసి చూశాడు. రేకు అతనికీ అదే జవాబు చెప్పింది.

"నీళ్ళు బరువు. అడుక్కి దిగుతాయి. పంపు గొట్టం కూడా అడుగు దాకా ఉంటుంది" అంది ఆమె, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఏయే బళ్ళు?"

రిజిస్టరు తెచ్చారు. గత ఎనిమిది రోజుల్లో ఐదు అంబులెన్సులు. నాలుగు ఊళ్ళోనే తిరుగుతున్నాయి. ఐదోది ఆ ఉదయం ఆరున్నరకి గుండె జబ్బు మనిషిని ఎక్కించుకుని, నూట డెబ్భై కిలోమీటర్ల అవతల ఉన్న పెద్దాసుపత్రికి బయల్దేరింది. దాని డ్రైవరు పేరు దగ్గర తేదీలక్క వేలు ఆగిపోయింది. అది ఆమె మరిది.

గ్యారేజీ అధికారి గదికి ఆరు మెట్లున్నాయి. చేతికర్రతో ఆ మెట్లు ఎక్కేసరికి ఆమెకి చెమటలు పట్టాయి. అధికారి కొత్తాయన. విని, పెన్ను పక్కన పెట్టి, "ఈ వానాకాలంలో ఐదు అంబులెన్సులు ఆపమంటారా? ఎవరికైనా ప్రాణం మీదికొస్తే?" అన్నాడు.

"ఆపకపోతే దార్లోనే ఆగుతాయి సార్. లోపల మనిషి ఉండగా ఆగుతాయి. ఇప్పుడైతే ఒక్కొక్కటే పిలిచి అరగంటలో పంపిస్తాం. ఒకటి లోపలికొస్తే మూడు బయట ఉంటాయి."

ఆయన కిటికీలోంచి పెరటి వైపు ఓసారి చూశాడు. తరవాత ఫోను తీశాడు.

మొదటి బండి తొమ్మిదింబావుకి వచ్చింది. ఇంజన్ మీద ఆయిలు పోసే మూత విప్పితే లోపలి వైపు ఏమీ లేదు, పాత ఆయిలు మరక తప్ప. రెండోది కూడా అంతే. మూడోదాని మూత విప్పగానే మేస్త్రీ నోరు తెరిచాడు. మూత అడుగున పాలు ఎక్కువైన కాఫీ నురగలాంటిది పేరుకుని ఉంది.

"చూశావా?" అంది తేదీలక్క. 

"చూశానక్కా." అతని గొంతు పూర్తిగా దిగిపోయింది. "ఇంకో వారం తిరిగుంటే బేరింగులు నమిలేసేది."

ఆయిలు దించారు, ఫిల్టర్లు మార్చారు, మంచి ఆయిలు పోసి కాసేపు ఇంజన్ ఆడించి మళ్ళీ దించారు, మళ్ళీ కొత్తది పోశారు. మేస్త్రీ ఇంజన్ మీద చెవి ఆనించినట్టే వంగి విన్నాడు. గరగర లేదు, టకటక లేదు. లేచి బొటనవేలు పైకెత్తాడు. నాలుగో బండి వచ్చేసరికి పదకొండు అవుతోంది.

ఈ పని నడుస్తున్నంతసేపూ తేదీలక్క ఒక చేత్తో ఫోను పట్టుకునే ఉంది. మరిది ఫోను అందుబాటులో లేదంటోంది. పదిన్నరకల్లా పెద్దాసుపత్రికి చేరాలి. పదీ నలభైకి అక్కడి అత్యవసర విభాగానికి చేసింది. ఇంకా రాలేదన్నారు. పదకొండుకి మళ్ళీ చేసింది. రాలేదన్నారు. పదకొండుంబావుకి ఫోనెత్తిన నర్సు ఆమె గొంతు గుర్తుపట్టి, "రాగానే నేనే చేయిస్తానమ్మా, మీరు కాస్త కూర్చోండి" అంది.

ఆమె కూర్చోలేదు. మధ్యలో కొండదారి ఉంది. ఆ మలుపుల్లో బండి ఆగితే, లోపల ఆ మనిషి, పక్కన ఆయన భార్యో కొడుకో, బయట వాన. మరిది ఒక్కడే ఏం చేస్తాడు? పెళ్ళై ఈ ఇంటికొచ్చేనాటికి అతను తొమ్మిదో తరగతి. లెక్కల పుస్తకం ఆమె ముందు పడేసి "వదినా, ఇది నువ్వే చెయ్యి" అని పారిపోయేవాడు. అత్తగారికి ఏం చెప్పాలి? పెన్ను పట్టుకుని బల్బు మీద రాయడానికి వెళ్ళకపోతే కాలు విరిగేది కాదు, కాలు విరక్కపోతే పీపాలు బయటికి వచ్చేవి కావు. ఇలా ఆలోచిస్తూ పోతే తప్పంతా తిరిగి తిరిగి తన నెత్తినే వచ్చి కూర్చుంది.

పదకొండూ నలభైకి ఫోను మోగింది.

"వదినా! ఏంటి, ఆసుపత్రంతా నీ పేరే? నేను లోపలికి రాగానే నర్సు నన్ను దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంది."

"చేరావా? ఆయన ఎలా ఉన్నారు?"

"చేరాం. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. బానే ఉన్నాడు, దారంతా నా డ్రైవింగుకి వంకలు పెడుతూనే వచ్చాడు. రోడ్డు మీద చెట్టు పడింది వదినా, గంట ఆగాల్సొచ్చింది. అక్కడ సిగ్నల్ లేదు."

"ఒరే, నా మాట విను. బండి మళ్ళీ స్టార్టు చెయ్యకు. నువ్వు పోయించుకున్న ఆయిల్లో నీళ్ళున్నాయి."

 అవతల నవ్వు వినిపించింది.

"పెరట్లో పీపాదా? నేను దాన్లోది పోయించుకోలేదు."

"రిజిస్టర్లో రాసుంది."

"రిజిస్టరు మేస్త్రీ రాశాడు. నేను పంపు చూశాను, పీపా చూశాను. మూత మీద తుప్పు నీళ్ళు. నువ్వుంటే దాన్ని అలా ఉంచుతావా? నాకొద్దు, లోపల అర మీద డబ్బా ఇమ్మన్నాను. మేస్త్రీ విసుక్కున్నాడు, మీ ఇంట్లో అందరికీ ఇదే పిచ్చా అన్నాడు. అయినా రెండు డబ్బాలు ఇచ్చాడు. అడుగు కావాలంటే."

ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. అతను నుదురు కొట్టుకున్నాడు. "అవునక్కా! ఇప్పుడు గుర్తొచ్చింది. రోజూ పీపా అని రాసి రాసి, అలవాటు కొద్దీ అదే రాసేశాను."

"అయినా సరే" అంది ఆమె ఫోన్లోకి, "ఆయిలు చూసే పుల్ల పైకి తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూడు. నేను లైన్లోనే ఉంటాను."

వాన చప్పుడు వినిపించింది, బానెట్టు లేచిన చప్పుడు వినిపించింది. 

"తేనె రంగులో ఉంది వదినా. నురగ లేదు, తెలుపు లేదు. మూత కింద కూడా చూశాను. శుభ్రం. ఇక తిననిస్తావా? పొద్దున్నుంచీ ఖాళీ కడుపు."

"తిను నాయనా. కడుపునిండా తిను. మెల్లగా రా."

ఫోను పెట్టేసి, అక్కడే ఉన్న టైరు మీద కూలబడింది. పొద్దున్న ఎనిమిదింటి నుంచీ బిగబట్టుకున్న ఊపిరి అప్పుడు బయటికొచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు. ఆమెకీ అర్థం కాలేదు. కాలు నొప్పి అప్పుడే తెలిసింది, అది కూడా హాయిగానే అనిపించింది.

మేస్త్రీ టీ తెచ్చి చేతికిచ్చి, ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"తప్పైందక్కా. మీరు తిట్టండి, పడతాను."

ఆమె రెండు గుక్కలు తాగింది. తిట్టడానికి నోటి దాకా వచ్చినవి చాలానే ఉన్నాయి. కానీ ముసలి మేస్త్రీ గుర్తొచ్చాడు. ఆయన తనని ఎలా పక్కన కూర్చోబెట్టుకున్నాడో గుర్తొచ్చింది. తను ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్కరినైనా అలా కూర్చోబెట్టుకుందా? తేదీలు రాసింది, పీపాలు పడుకోబెట్టించింది, తాళం వేసుకుంది. ఎందుకని అడిగినవాళ్ళు లేరు, ఆమె చెప్పిందీ లేదు. ఆమె నాలుగు రోజులు రాకపోతే ఆ గదిలో తెలిసినవాడే లేడు.

"తప్పులో సగం నాది మేస్త్రీ" అంది. "తాళాలు పంపించాను గానీ సంగతి చెప్పి పంపించలేదు."

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆఖరి బండి కూడా బయటికి పోయింది. పెరట్లో మిగతా రెండు పీపాల్లోనూ చుక్క తీసి రేకు మీద వేశారు. ఒకటి చిటపటమంది, సీలు గట్టిగా ఉన్న మూడోది మౌనంగా పొగ వదిలింది. నీళ్ళు తాగిన రెండింటినీ పనికిరాని ఆయిలు పట్టుకెళ్ళేవాళ్ళ కోసం వేరే పెట్టి, మీద పెద్ద అక్షరాలతో వాడొద్దని రాశారు. అక్కడ పనిచేసే ఏడుగురి చేతా, అధికారి చేత కూడా, రేకు మీద చుక్క వేయించింది తేదీలక్క. అధికారి చిటపట విని చిన్నపిల్లాడిలా వెనక్కి గెంతాడు. తరవాత మంచి పీపాని లోపలికి దొర్లించి ఎలా పడుకోబెట్టాలో చూపించింది. రెండు బిరడాలూ ఒకే మట్టంలో, గడియారంలో తొమ్మిదీ మూడూ ఉన్నట్టు ఉండాలి. అప్పుడు లోపలి నుంచి ఆయిలే వాటిని కప్పి ఉంచుతుంది, గాలీ నీళ్ళూ దూరడానికి సందు దొరకదు. తప్పక బయట పెట్టాల్సి వస్తే, కింద ఓ పక్క చెక్క ముక్క పెట్టి వాల్చి, బిరడాలు నీళ్ళకి అందకుండా చూసి, పైన టార్పాలిన్ కప్పాలి.

"ఇంతేనా!" అన్నాడు మేస్త్రీ.

"ఇంతే."

నాలుగింటికి మరిది బండి గేటు లోపలికొచ్చింది. అందరూ అతన్ని పెళ్ళికొడుకుని చూసినట్టు చూశారు. అతను దిగీ దిగగానే "వదినా, అమ్మకి చెప్పలేదు కదా?" అన్నాడు. చెప్పలేదు. ఇంటికెళ్ళాక ఇద్దరూ కలిసి మెల్లగా చెబితే, ఆవిడ ముందు కొడుకు తల నిమిరి, తరవాత ఇద్దరినీ కలిపి తిట్టింది.

ఆ తరవాత టైర్లకి వేరే షెడ్డు వేశారు. స్టోరు తాళాలకి రెండో జత చేయించి మేస్త్రీకి ఇచ్చారు. ఇవ్వమని అడిగింది తేదీలక్కే.

చేతికర్ర మానేసిన రెండు నెలలకి ఆమె వారం రోజులు సెలవు పెట్టింది. ఇరవై ఒక్క ఏళ్ళలో కాలు విరక్కుండా పెట్టిన మొదటి పెద్ద సెలవు. అత్తగారికి కంటి ఆపరేషను చేయించాలి. మూడేళ్ళుగా "నీకు తీరికెప్పుడే" అని ఆవిడ అంటూనే ఉంది. ఆసుపత్రిలో అత్తగారి మంచం పక్కన కూర్చుని, పత్రిక చదివి వినిపిస్తూ, కబుర్లు చెబుతూ నాలుగు రోజులు గడిపింది. బయట వాన పడుతుంటే ఒకసారి ఫోను వైపు చెయ్యి పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

ఐదో రోజు కట్టు విప్పారు. అత్తగారు రెప్పలు టపటపలాడించి, కిటికీ చూసింది, గోడ చూసింది, తరవాత కోడల్ని దగ్గరికి రమ్మని, గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి పరీక్షగా చూసింది.

"ఏమే, నీ జుట్టు ఇంత నెరిసిందా? ఒక్క మాటైనా చెప్పలేదేమే!"

"చెబితే ఏం చేసేవారు?"

"రంగు తెప్పించేదాన్ని" అంది ఆవిడ. కోడలు పగలబడి నవ్వింది. పక్క మంచం మీదావిడ లేచి కూర్చుని ఏమైందని అడిగింది.